మా ఆవిడ ఆట

నవంబరు 14, 1993

మా జట్టులో డెనిస్ కాలు విరిగింది. కొట్టు కప్పు మీది మంచు దింపుతూ నిచ్చెన మీంచి జారాడట. ఈ చలికాలానికి అతని ఐసు హాకీ అయిపోయినట్టే.

పొద్దున్నే గస్ వచ్చాడు. మేం ఆడే ఐసు రింకు తాళాల గుత్తి మా వంటింటి బల్ల మీద పడేసి, గోల్ ముందు కాపలా కాయడానికి తనున్నాడు గానీ ముందుండి ఆడేవాళ్ళేరని గోల పెట్టాడు. ఊళ్ళో మగాళ్ళ పేర్లన్నీ తిరగేశాం. ఒకడికి నడుము నొప్పి, ఒకణ్ణి పెళ్ళాం పంపదు, ఒకడు తాగనిదే ఐసు ఎక్కడు.

ఒలీనా కాఫీ పోస్తూ, "నేనొస్తాను," అంది.

గస్ నవ్వాడు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. ఆమె కాఫీ కూజా పొయ్యి మీద పెట్టి, నేలమాళిగలోకి దిగి, ఒక జత స్కేట్లు తెచ్చి గస్ ముందుంచింది. వాళ్ళ తమ్ముడి పాతవి. గస్ బొటనవేలితో అంచు తడిమి చూసి నవ్వు ఆపేశాడు.

ఆ అంచులకి తుప్పు లేదు. ఎప్పుడు సాన పట్టించిందో నేను అడగలేదు.

నవంబరు 18

గెలిచాం. ఐసు బాగుంది. ఆడమనిషి కదా అని పక్క ఊరు లార్క్‌హిల్ వాళ్ళు మెత్తగా ఆడారు.

నవంబరు 19

నిన్న సరిగ్గా రాయలేదు.

వాళ్ళు మెత్తగా ఏం ఆడలేదు. మొదట్లో ఆడారేమో. ఆమె రెండోసారి బిళ్ళ లాక్కుపోయాక ఇంకెవడూ మెత్తగా లేడు. ఆ నల్ల రబ్బరు బిళ్ళ మా గోల్ వెనక మూల నుంచి ఆమె కర్రకి తగులుకుని వచ్చింది. ఒకణ్ణి దాటింది, ఇంకొకణ్ణి దాటింది. మూడోవాడు మీదికి వస్తుంటే అసలు చూడనే లేదు. "వాల్ట్," అని పిలిచింది. బిళ్ళ నా కర్ర దగ్గరికి వచ్చి ఆగినంత పని చేసింది. నేను కొట్టాను. తగల్లేదు.

మా పెళ్ళై పదహారేళ్ళు. నా పేరు ఆమె చాలా రకాలుగా పిలిచింది. అన్నానికి, కోపంగా, జ్వరంలో, చీకట్లో. నిన్నటి పిలుపు వాటిలో లేదు. తొందరగా, నమ్మకంగా ఉంది. నేనక్కడ ఉంటానని ఆమెకి తెలుసన్నట్టు ఉంది. నేను అక్కడే ఉన్నాను కూడా. అదే బాధ.

ఇంటికొచ్చేటప్పుడు కారులో, ఇంత ఆట వచ్చని ఎప్పుడూ చెప్పలేదేమని అడిగాను. చెప్పానంది. చెప్పలేదన్నాను. పెళ్ళికి ముందు ఒకసారి, పెళ్ళయ్యాక చాలాసార్లు చెప్పానంది. చిన్నప్పుడు అన్నదమ్ములతో చెరువు మీద జారేదాన్నని చెప్పింది, నిజమే. అందరు పిల్లలూ జారతారు. అది చెప్పడం అవుతుందా?

ఇలాంటివి నేను ఎప్పుడూ ఒలీనాకే చెప్పుకునేవాణ్ణి. ఇది ఆమెకి చెప్పుకునేది కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

నవంబరు 28

మళ్ళీ గెలిచాం. ఆమెవి మూడు గోల్స్. రిఫరీ సామాన్లు పెట్టుకునే ఇరుకు గదిలో బట్టలు మార్చుకుంటుంది. ఆట అవగానే మావాళ్ళంతా ఆ తలుపు బయట నిలబడి కబుర్లు మొదలెడతారు. ఇన్నేళ్ళుగా మా గదిలో ఎవడి సాక్సు ఎక్కువ కంపు అన్నదే మాట్లాడుకున్నాం. ఇప్పుడందరూ ఆట గురించి మాట్లాడుతున్నారు.

"ఏరా వాల్ట్, ఇంత బంగారాన్ని వంటింట్లో పాతిపెట్టావు కదరా," అన్నాడు డెనిస్, పట్టీ కట్టిన కాలు బల్ల మీద చాపుకుని.

నవ్వాను. అందరూ చూస్తున్నారు మరి.

డిసెంబరు 5

ఆమెకి దెబ్బలు తగలకుండా చూసుకోవడం నా బాధ్యత. అందుకే ఆట సేపంతా ఆమెనే చూస్తున్నాను. ఇంకేం లేదు.

చూసినవి మర్చిపోకుండా రాసుకుంటున్నాను:

బిళ్ళ చేతికి రాగానే మేమంతా పరుగెడతాం. ఆమె నెమ్మదిస్తుంది. మీదికొచ్చేవాడు వేగం ఆపుకోలేక ముందుకి దూసుకుపోతాడు. అప్పుడు అతను ఖాళీ చేసిన దారిలోంచి వెళ్తుంది.

బిళ్ళ రాకముందే ఒకసారి భుజం మీంచి వెనక్కి చూస్తుంది. వచ్చాక చూడదు. అప్పటికే చూసేసింది.

గట్టిగా వచ్చిన బిళ్ళని కర్రతో ఆపదు. వేడి గిన్నె అందుకున్నట్టు, కాస్త వెనక్కి తగ్గుతూ తీసుకుంటుంది. చప్పుడు రాదు. నాకు వచ్చే ప్రతి బిళ్ళా తలుపు మీద రాయి వేసినట్టు చప్పుడు చేస్తుంది.

ఇవాళ ఆమె బీట్‌రూట్ సూపు, అదే బోర్ష్, కలుపుతుంటే చూశాను. వెనక పిల్లి అడ్డంగా పడుకుని ఉంది. ఆమె తిరగలేదు. తిరక్కుండానే ఒక అడుగు పక్కకి వేసి, పిల్లిని దాటి, ఉప్పు అందుకుంది. పదహారేళ్ళుగా ఈ వంటింట్లోనే కూర్చుని తింటున్నాను.

డిసెంబరు 9

మధ్యాహ్నం నేను పనిచేసే గోదాముకి ధాన్యం లారీలు రాలేదు. గస్ దగ్గర తాళం అడిగి తీసుకున్నాను. పైకప్పు బాగుచేసే అతను వస్తాడు, చూపించాలని చెప్పాను. గస్ తాళం ఇస్తూ పైకప్పు వైపు ఒకసారి చూశాడు.

ఖాళీ రింకులో ఒక్కణ్ణే. నెమ్మదించడం నేర్చుకోవాలని వెళ్ళాను. నెమ్మదిస్తే పడిపోతున్నాను. మోకాళ్ళు వంగితేనే నెమ్మదించగలమని తెలిసింది. అవి వంగడం లేదు.

డిసెంబరు 10

మోకాళ్ళు.

డిసెంబరు 16

మోకాళ్ళు. ఇవాళ కాస్త నయం.

డిసెంబరు 19

గోల్ కొట్టాను. రెండేళ్ళ తర్వాత. బిళ్ళ రాకముందు వెనక్కి చూశాను, వచ్చాక నెమ్మదించాను, మీదికొచ్చినవాడు నా పక్కనుంచి జారిపోయి గోడకి గుద్దుకున్నాడు. అచ్చం ఆమెలాగే. కొట్టిన వెంటనే రెండు చేతులూ పైకెత్తాను.

మావాళ్ళంతా నా పక్కనుంచి దూసుకుపోయి ఆమె వీపు తట్టారు. బిళ్ళ అందించింది ఆమేనట.

ఒలీనా మాత్రం నా దగ్గరికొచ్చింది. హెల్మెట్ జాలీ లోంచి నవ్వుతూ, బాగా కొట్టావంది. ఆ నవ్వు నాకోసం కాదు. ఆట నవ్వు అది. ఐసు మీదికి ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా మొహం మీద ఉంటుంది. ఇంట్లో ఉండదు.

నాకేం అసూయ లేదు. అసూయ పడడానికి ఆమె పరాయిదా?

జనవరి 6, 1994

మా ఉక్రెయిన్ వాళ్ళ పాత కాలెండరు ప్రకారం ఇవాళ క్రిస్మస్ ముందురోజు. మా పద్ధతి ప్రకారం పన్నెండు వంటలు, మాంసం లేకుండా. తేనె, గసగసాలు వేసిన గోధుమల కుత్యాతో మొదలు. అత్తగారు రోజూ ఏదో ఒక పూట ఇక్కడే తింటారు, ఇవాళ పొద్దుటి నుంచే ఉన్నారు.

భోజనాల దగ్గర హాకీ మాట వచ్చింది. నేనే తెచ్చాను. ఒలీనాకి ఇంత ఆట ఎలా వచ్చిందని అత్తగారిని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"పదిహేడేళ్ళప్పుడు ఎడ్మంటన్ నుంచి ఒకాయన వచ్చాడు," అన్నారామె, బంగాళదుంప కూరిన పిరోహీ మీద ఉల్లిపాయలు వేసుకుంటూ. "కాలేజీలో ఆడపిల్లల జట్టు పెడుతున్నారట, దీన్ని పంపమని. మీ మామగారు ఆయన్ని బయటికే నడిపించారు. నేను ఆ రాత్రే దీని స్కేట్లు తీసి పక్కింటి కుర్రాడికి ఇచ్చేశాను. గొడవ వదిలింది."

ఒలీనా పుట్టగొడుగుల గిన్నె నా వైపు జరిపింది.

"ఆ చలికాలమంతా నాతో మాట్లాడలేదు, మొండిఘటం," అన్నారు అత్తగారు. "వసంతంలో నువ్వు వచ్చావు. ఇంట్లో ఒక పిల్లో పిల్లాడో పుట్టి ఉంటే ఈ ఐసు పిచ్చి మళ్ళీ తలెత్తేది కాదు."

ఒలీనా లేచి ఉడికించిన పళ్ళ కంపోట్ తేవడానికి వెళ్ళింది. తిరిగి వచ్చాక వేరే మాట ఎత్తింది. పొలాల వెంట మంచు దిబ్బల గురించి.

ఆ వసంతం నాకు బాగా గుర్తు. చర్చి హాల్లో నాట్యాలు. ఎక్కువ మాట్లాడని పిల్ల. ఆ నెమ్మదితనం చూసే నేను ఇష్టపడ్డాను.

జనవరి 16

ఆమెవి రెండు. నాది ఒకటి. ఈసారి గస్ వచ్చి నా హెల్మెట్ మీద కొట్టాడు. "ఈమధ్య ఆట మారిందిరా నీది. ఏం తింటున్నావు?" అన్నాడు. ఒలీనా వండినదే తింటున్నానన్నాను. అందరూ నవ్వారు. నవ్వాక అందరూ ఆమె వైపు చూశారు.

నేను ఎంత నేర్చుకున్నా ఆమె దగ్గర దొంగిలించినదే అవుతుంది. ఆమెకి ఇది తెలియకపోవడం ఇంకా మండిస్తోంది. తెలిస్తే ఇంకెంత మండుతుందో.

జనవరి 24

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. ఒలీనా పోస్టాఫీసుకి వెళ్ళింది. అత్తగారు బల్ల దగ్గర పిరోహీలు ఒత్తుతున్నారు. ఫోన్ మోగితే నేను ఎత్తాను.

సాస్కటూన్ నుంచి హాల్వర్సన్ అనే ఆవిడ. అక్కడి ఆడవాళ్ళ జట్టుకి కోచ్. కొత్త సంవత్సరం పోటీల్లో ఒలీనా ఆట చూసిందట. మార్చిలో బ్రాండన్‌లో పడమటి రాష్ట్రాల పోటీలున్నాయి, సెంటర్ స్థానంలో ఆడేవాళ్ళు ఒకరు తగ్గారు, శనివారం సాధనకి రాగలదా, శుక్రవారం లోపల ఫోన్ చెయ్యమని చెప్పండి అంది. నెంబరు రాసుకున్నాను. ఇలాంటి చూపు పదేళ్ళకి ఒకరిలో కనిపిస్తుందని కూడా అంది. నేను ఎవరని అడిగింది. భర్తనన్నాను. అదృష్టవంతులంది.

రాత్రి భోజనాలయ్యాక చెప్పాలి.

జనవరి 25

నిన్న అలిసిపోయి ఉంది. ఇవాళ చెప్తాను.

జనవరి 26

సాస్కటూన్ రోడ్డు జనవరిలో మంచిది కాదు. శనివారాలు అంత దూరం ఒక్కతే ఎలా వెళ్తుంది? ఇదంతా ఆలోచించుకుని చెప్పాలి. ఊరికే చెప్తే వెళ్తానంటుంది.

జనవరి 27

మధ్యాహ్నం రింకుకి వెళ్ళేసరికి ఒలీనా అప్పటికే ఐసు మీద ఉంది.

నేను ఒంటరిగా సాధన చేస్తున్న సంగతి గస్ చెప్పాడట. డిసెంబరులోనే చెప్పాడట. పైకప్పు అతను ఎప్పుడొస్తాడని ఆమె నన్ను ఎప్పుడూ అడగలేదు.

"నీ మోకాళ్ళు వంగుతున్నాయి ఈమధ్య," అంది. "బాగుంది. కానీ కిందికి చూస్తున్నావు. బిళ్ళ నీ కర్ర దగ్గరుందని కర్రే చెప్తుంది, కళ్ళెందుకు?"

నన్ను కళ్ళు మూసుకోమని బిళ్ళ అందించింది. మొదట నాలుగైదు తప్పాయి. తర్వాత తగలడం తెలిసింది, చేతుల్లోకి చిన్న బరువు వచ్చినట్టు. కళ్ళు తెరవకుండానే తిప్పి ఇచ్చాను. ఆమె నవ్వింది. ఈసారి ఎవరికోసం నవ్విందన్న లెక్క పెట్టుకోలేదు.

తర్వాత ఇద్దరం ఊరికే రింకు చుట్టూ తిరిగాం. ఆమె స్కేట్ల చప్పుడు, నా స్కేట్ల చప్పుడు. చిన్నప్పుడు చెరువు మీద ఐసు ఎలా మూలిగేదో చెప్పింది. తండ్రి స్కేట్లకి నూనె రాసేవాడట, అన్నదమ్ములవాటికి మాత్రమే. తనవి తను రాసుకునేదట. ఇన్నాళ్ళకి పెళ్ళయిందనిపించింది నాకు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. చెప్పలేదు. ఆ పూటని పాడుచేయడం ఇష్టం లేకపోయింది.

జనవరి 28

శుక్రవారం.

జనవరి 29

అయిపోయింది. ఇప్పుడు చెప్పి మాత్రం ఏం లాభం, మనసు కష్టపెట్టడం తప్ప.

ఫిబ్రవరి 3

ఒలీనా పెరట్లో మంచు తోస్తోంది. నేను టీ తాగుతున్నాను. అత్తగారు నా పక్కకి కుర్చీ జరుపుకుని గొంతు తగ్గించారు.

"మంచి పని చేశావు అల్లుడూ."

ఏమిటన్నాను.

"నాకు ఇంగ్లీషు బాగానే వినిపిస్తుంది. ఆ సాస్కటూన్ ఆవిడ గొంతు ఫోన్ లోంచి ఈ గదంతా వినపడింది." నా చెయ్యి నిమిరారు. "నేను స్కేట్లు ఇచ్చేసినప్పుడు అందరూ నన్ను తిట్టారు. అర్థం చేసుకున్నవాడివి నువ్వొక్కడివే. నువ్వూ నేనూ ఒకటే."

ఆ చెయ్యి మెత్తగా, వెచ్చగా ఉంది. పదహారేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. నా చెయ్యి వెనక్కి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఫిబ్రవరి 4

చెప్పాను.

ఫిబ్రవరి 5

నిన్న అంతకంటే రాయలేకపోయాను.

పొద్దున గిన్నెలు తుడుస్తోంది. అన్నీ చెప్పాను. ఫోన్ వచ్చిన రోజు, నెంబరు, శుక్రవారం, అత్తగారికి తెలుసన్న సంగతి. రోడ్లు బాగా లేవని కూడా అన్నాను. ఆ ముక్క అనకుండా ఉండాల్సింది.

ఆమె తువ్వాలు మడిచి పొయ్యి కడ్డీకి తగిలించింది.

"ఆవిడ ఏమంది? మాటకి మాట చెప్పు," అంది.

చెప్పాను. పదేళ్ళకి ఒకరిలో అన్న మాట కూడా. 

"రింకులో ఆ రోజు నీకు ఇది తెలుసు."

తెలుసన్నాను.

"మా అమ్మ స్కేట్లు తీసినప్పుడు కనీసం నాకు ఎదురుగా చెప్పింది," అంది. పైకి వెళ్ళి ఫోన్ చేసింది. సెంటర్‌కి రెజీనా నుంచి వేరే ఆమెను తీసుకున్నారట. నేను మెట్ల కింద నిలబడి విన్నాను. ఒలీనా ఆవిడకి కృతజ్ఞతలు చెప్పింది. మావారు మర్చిపోయారండీ అని చెప్పింది. నన్ను కాపాడింది, అంత కోపంలోనూ. అది తిట్టు కంటే బరువుగా తగిలింది.

ఫిబ్రవరి 7

వంటింట్లో ఇద్దరికీ వండుతుంది. ఇద్దరం తింటాం. అత్తగారు వస్తే ముగ్గురం. ఎవరం మాట్లాడం. పిల్లి మాత్రం అందరి ఒళ్ళోకీ వెళ్తుంది.

ఫిబ్రవరి 12

లార్క్‌హిల్‌లో ఒకడు నూనె బావుల పనికి వెళ్ళిపోయాడు. ఆ చోటు ఒలీనా తీసుకుంది. నాకు తను చెప్పింది, వంటింట్లో, ఎదురుగా, కళ్ళలోకి చూస్తూ.

"ఇంట్లో ఉంటాను. నీ జట్టులో ఉండను."

సాయంత్రం గస్ గోదాముకి వచ్చి తూకం బల్ల పక్కన నిలబడ్డాడు. సంగతంతా ఎవరో చెప్పారు. ఊరు చిన్నది. గస్ నన్ను తిడతాడనుకున్నాను. "నా గోల్ మీదికి ఆమె వస్తుందిరా ఇప్పుడు. నేను ముసలాణ్ణి," అని మాత్రం అన్నాడు. అతని బాధ ఆటది కాదని నాకు తెలుసు. నన్ను చూసి అతనికి సిగ్గేసింది.

ఫిబ్రవరి 20

లార్క్‌హిల్ మీద ఓడాం. ఆమెవి నాలుగు. నాలుగోది నా కాళ్ళ మధ్యలోంచి. మావాళ్ళు బెంచీ మీద నాకు చోటిచ్చారు గానీ ఒక్కడూ పలకరించలేదు.

లార్క్‌హిల్ వాళ్ళ సెంటర్ ఆమె వీపు తట్టాడు. ఎర్రగడ్డంవాడు, ఎత్తుగా ఉంటాడు. తర్వాత వాళ్ళ ట్రక్కులోనే ఇంటి దగ్గర దిగింది. ట్రక్కులో నలుగురున్నారు. ఎర్రగడ్డంవాడు నడిపాడు.

ఫిబ్రవరి 23

ఎర్రగడ్డంవాడికి పెళ్ళాం, ముగ్గురు పిల్లలు ఉన్నారట. కనుక్కున్నాను. కనుక్కున్నందుకు నన్ను నేను ఏమనాలో తెలియడం లేదు. ఆ మనిషి మీద కాదు నా బాధ. ఆమె అతనికి ఎలా బిళ్ళ అందిస్తుందో చూశాను. అతను అక్కడ ఉంటాడని తెలిసినట్టు.

ఫిబ్రవరి 27

ఫైనల్లో మేమూ, లార్క్‌హిల్ వాళ్ళూ.

గస్ మా గదిలో అందరి ముందూ అడిగాడు. "వాల్ట్, ఆమెను నువ్వు చూసినంతగా ఎవరూ చూడలేదు. ఆపే దారి ఏదైనా ఉందా?"

లేదన్నాను.

ఉంది. ఒకటి కనిపెట్టాను, ఐసు మీద చూసి కాదు, వంటింట్లో చూసినది గుర్తొచ్చి. అది ఇక్కడ కూడా రాయను.

మార్చి 6

కప్పు గెలిచాం. రేపు రాస్తాను.

మార్చి 7

మూడో పీరియడ్‌కి, అంటే ఆఖరి భాగానికి, సమానంగా ఉన్నాం. గస్‌కి చెప్పి నేను ఆమె మీదికి వెళ్ళాను. మా వాళ్ళెవరూ నన్ను ఆపలేదు, ఓడినా తప్పు నాదవుతుందని.

మొదటిసారి ఆమె మా గోల్ వైపు వచ్చింది. నెమ్మదించింది. నేనూ నెమ్మదించాను. కుడికి ఊగింది, నేను కదల్లేదు. ఎడమకి వెళ్ళింది. నేను అప్పటికే ఎడమన ఉన్నాను. బిళ్ళ నా కర్రకి తగిలింది, చప్పుడు లేకుండా. తీసుకుని వెళ్ళిపోయాను.

రెండోసారి అలాగే. ఆమె మొహంలో నవ్వు పోయింది. ఆ నవ్వు పోవాలని చలికాలమంతా కోరుకున్నాను కదా. పోయింది. దాని బదులు వచ్చినది ఏమిటో నేను ఎప్పుడూ చూడలేదు. నా వైపు, నన్నే, నేనెవరో మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

ఆఖర్లో ఆమె ఒక్కతే వచ్చింది. మధ్యలో ఎవరూ లేరు, నేనూ, నా వెనక గస్. ఇంకోసారి తీసుకున్నాను. తీసుకుని డెనిస్ తమ్ముడికి ఇచ్చాను, వాడు గోల్ కొట్టాడు.

మావాళ్ళు నన్ను ఎత్తుకున్నారు. అబద్ధం రాయను. సంతోషంగానే ఉంది. చాలా సంతోషంగా ఉంది. నా జన్మలో ఒక ఆట నా వల్ల గెలవడం ఇదే. భుజాల మీంచి చూస్తే అవతలి బెంచీ మీద ఒలీనా హెల్మెట్ తీసి, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ, నన్నే చూస్తోంది. కోపంగా కాదు. లెక్క తేలని మనిషిలా.

ఇంటికి నా కారులోనే వచ్చింది.  పెరట్లో కారు ఆపాక, దిగకుండా అడిగింది.

"ఎలా తెలిసింది నీకు?"

అదృష్టం అన్నాను.

 అద్దాల మీద మా ఊపిరికి పొగమంచు పట్టింది.

"మూడుసార్లు అదృష్టం ఉండదు వాల్ట్. మా అన్నదమ్ములు నలుగురు నన్ను ఆపలేకపోయారు. చెప్పు."

నా దగ్గర ఉన్నది అదొక్కటే. ఆమె ఆటలో ఆమెది కానిది, పూర్తిగా నాది. అది నా దగ్గర ఉన్నంతకాలం, ఈ లోకంలో ఆమెను ఆపగలిగిన మనిషిని నేనొక్కణ్ణే. చెప్పకూడదనే అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా, చెప్పకుండా ఉంటే బాగుండేదని సగం అనిపిస్తోంది.

చెప్పాను. "నిజంగా వెళ్ళబోయే వైపు నిశ్చయించుకున్నాక, వెళ్ళే ముందు గడ్డం లోపలికి లాక్కుంటావు. ఊరికే ఊగినప్పుడు లాక్కోవు. లార్క్‌హిల్ జట్టులో చేరానని చెప్పిన రోజు కూడా అలాగే లాక్కున్నావు. అప్పుడు చూసినదేమిటో మీ చేతిలో ఓడాక గానీ అర్థం కాలేదు."

ఆమె కారు అద్దం తన వైపు తిప్పుకుంది. గడ్డం లోపలికి లాక్కుంది. వదిలింది. మళ్ళీ లాక్కుంది.

"సాస్కటూన్‌లో ఉన్నవాళ్ళు ఇది ఒక నెలలో కనిపెట్టేస్తారు," అంది, తనలో తను. తర్వాత నా వైపు తిరిగింది. "హాల్వర్సన్ గారికి నేనే మళ్ళీ ఫోన్ చేశాను. సెప్టెంబరులో ఎంపికలు. వెళ్తున్నాను. నీ అనుమతి అడగడం లేదు."

అర్థమైందన్నాను.

"రేపు మధ్యాహ్నం గస్ దగ్గర తాళం తీసుకో."

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. లోపలికి వెళ్ళి, అత్తగారు పెట్టిన టీ తాగకుండా పైకి వెళ్ళింది.

మార్చి 8

గస్ తాళం నా చేతిలో పెట్టి, పైకప్పు ఇంకా కారుతోందా అని అడిగాడు. కారుతోందన్నాను.

నేను గోల్ ముందు నిలబడ్డాను. ఒలీనా మధ్య గీత దగ్గర్నుంచి వచ్చింది. గడ్డం చూశాను. ఎడమకి వెళ్ళాను. దొరికింది. తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ దొరికింది. "కనిపించిందా?" అని అడిగింది. కనిపించిందన్నాను. చొక్కా కాలరు పైకి లాగి గడ్డం కింద దోపుకుని వచ్చింది, అదీ కనిపించింది. చెప్పాను. ఈసారి నవ్వు ఆపుకుంది గానీ పూర్తిగా ఆగలేదు.

అలా ఎంతసేపో. నా మోకాళ్ళు వణకడం మొదలైంది. ఆమె జుట్టు నుంచి ఆవిరి లేస్తోంది.

చివరికి ఒకసారి వచ్చింది. నెమ్మదించింది. నేను ఆమె మొహంలోకే చూస్తున్నాను, పదహారేళ్ళలో ఏ రోజూ చూడనంతగా. అందులో ఏమీ లేదు. గడ్డం లేదు, భుజం లేదు, ఊపిరి లేదు. కుడివైపనుకుని కుడికి వెళ్ళాను.

వెనక వల కదిలిన చప్పుడు వినిపించింది.

కడుపులో అదే మంట, పాతదే, ఎక్కడికీ పోలేదు. ఒలీనా ఆయాసపడుతూ నా ఎదురుగా ఆగింది.

"చూశావా?"

"ఏమీ కనపడలేదు," అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

వంగి, వలలోంచి బిళ్ళ తీసి ఆమె కర్ర దగ్గరికి జార్చాను. మళ్ళీ రమ్మన్నాను.